రెండు మొలతాళ్లు

మా వీధి ఆడవాళ్లందరం ఒకప్పుడు శ్రీలంక టూరుకి వెళ్దామని పాస్‌పోర్టులు తీయించుకున్నాం. టూరు జరగలేదు. ఎవరి పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో పట్టుచీరల కింద ఉండిపోయింది. పుట్టింట్లోగానీ మెట్టినింట్లోగానీ నాకు తప్ప ఇంకెవరికీ అది లేకపోవడం వల్ల, నరసరావుపేటలో జాకెట్లు కుట్టుకునే నేను ఒంటరిగా ఆఫ్రికా వెళ్లాల్సి వచ్చింది. అక్కడ నా తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు.

వాడు బోరు బండి మెకానిక్. మాచర్ల వైపు వెల్దుర్తి దగ్గర మా పుట్టినూళ్లో నాన్న తన పొలంలో మూడు బోర్లు వేయిస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. మూడో బోరు వేసిన బండి వెంటే వాడు వెళ్లిపోయాడు. ముందు కర్నూలు, తర్వాత ఒడిశా, ఆఖరికి సముద్రం దాటి ఆ ఊరు. అక్కడ పోర్చుగీసు మాట్లాడతారని వాడే చెప్పాడు. "ఏందిరా ఆ భాష, నీకొచ్చా?" అని అడిగితే, "బండికి తెలుగొచ్చక్కా, నాకది చాలు" అనేవాడు. వాడికి అన్నీ అంత తేలికే. నాకు ఏదీ తేలిక కాదు.

మలేరియా మెదడుకెక్కిందని కంపెనీ మేనేజర్ ఫోన్ చేశాడు. ఇంట్లోవాళ్లు ఎవరైనా వస్తే మంచిదన్నాడు. డాక్టర్లు ఆ మాట ఎప్పుడు అనిపిస్తారో ఆసుపత్రి గుమ్మం తొక్కిన ఎవరికైనా తెలుసు. టికెట్టూ వీసా వాళ్లే చూశారు. బయల్దేరే రోజు నా మరదలు, అంటే వాడి పెళ్లాం, మాచర్ల బస్టాండు దాకా వచ్చి నా చేతులు పట్టుకుంది.

"మాట్లాడకపోయినా పర్లేదు వదినా. మంచంలో పడున్నా నేను చూసుకుంటా. ఊపిరితో తీసుకురా, అంతే."

తీసుకొస్తానన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. బస్సు కదిలాక భయం వేసింది.

ఆ ఊరి విమానాశ్రయంలో ఒక ఆఫీసరు నా పెట్టె తెరిపించి గొడ్డుకారం డబ్బా మూత తీసి వాసన చూశాడు. తుమ్మాడు. ఇంకొకణ్ణి పిలిచాడు. వాడూ తుమ్మాడు. ఇద్దరూ నన్ను పైనుంచి కిందికి చూసి డబ్బా తిరిగి పెట్టెలో పెట్టేశారు. మొత్తం ప్రయాణంలో నవ్వదగ్గ సంగతి అదొక్కటే. అప్పుడు నేను నవ్వలేదు.

మేనేజరూ, తమ్ముడితో పనిచేసే కుర్రాళ్లూ ఎక్కడో లోపలి పల్లెల్లో బోర్లు వేస్తున్నారు. అక్కడ సిగ్నల్ ఉండదు. నా కోసం డ్రైవర్ని పంపారు. నా ఫొటో ప్రింటు తీసిన కాగితం గుండెల మీద పట్టుకుని నిలబడ్డాడు, నేను తప్పిపోయిన మనిషినన్నట్టు. అతనికి వచ్చిన ఇంగ్లీషు 'మేడమ్', 'నో ప్రాబ్లమ్'. మా తమ్ముడు ఎలా ఉన్నాడని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. నో ప్రాబ్లమ్ అన్నాడు. బతుకుతాడా అని తెలుగులోనే అడిగాను. నో ప్రాబ్లమ్, మేడమ్ అన్నాడు.

టైర్ల షాపు మీద ఒక గది చూపించి, కిటికీలోంచి ఆసుపత్రి దారి వేలితో చూపించి వెళ్లిపోయాడు. టైర్ల షాపు, పసుప్పచ్చ గోడ, చర్చి, తర్వాత ఆసుపత్రి. ఆ నాలుగూ వల్లెవేసుకుంటూ నడిచాను, అయినా పసుప్పచ్చ గోడ దగ్గర దారి తప్పాను. ఎవరైనా దారికి అడ్డం వస్తే తెలుగులోనే తిట్టాను. నా మాట నా చెవినైనా పడాలిగా.

ఫోనులో మాటలు మార్చే యాప్ మా ఆయన ఎక్కించి ఇచ్చాడు. తెలుగులో మాట్లాడితే వాళ్ల భాషలో చెబుతుంది, వాళ్లు మాట్లాడితే తెలుగులో చెబుతుంది. కానీ ఐసీయూ వైపు ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. గేటు దగ్గర గార్డు ఫోను తీసుకుని చీటీ ఇస్తాడు. అంటే ఎక్కడ అడగాలో అక్కడికి వెళ్లేసరికి నా నోరు గేటు దగ్గరే ఉండిపోయేది. గార్డుతో మాత్రం ఎంతసేపైనా మాట్లాడొచ్చు. అతనికి తెలిసింది ఏమీ లేదు.

మొదటి రోజు నేను చేరేసరికి చూసే వేళ అయిపోయింది. మధ్యాహ్నం పావుగంట, ఒక్క మనిషి, అదీ అద్దంలోంచి. మిగతా రోజంతా లోపల కూర్చోనివ్వరు. ఇది నాకు బొత్తిగా మింగుడుపడలేదు. మా నరసరావుపేటలో మనిషికి బాగోలేదంటే ఆటో నిండా జనం దిగుతారు. వరండాలో చాపలు పరుస్తారు, క్యారేజీలు విప్పుతారు, ఆ గోలలోనే ఎవరో ఒకరు డాక్టర్ని పట్టుకుని సంగతి కనుక్కుంటారు. రోగి ఒక్కడే పడుండటం అంటే దిక్కులేనివాడి కిందే లెక్క. అక్కడ అందరూ దిక్కులేనివాళ్లలాగే పడుకుని ఉన్నారు, అందులో మావాడు ఒకడు.

రెండో రోజు అద్దంలోంచి చూశాను. గొట్టాల మధ్య నుదురు మాత్రం కనిపించింది. వాడి నుదుటి మీద చిన్నప్పుడు నేను తోస్తే పడి పగిలిన మచ్చ ఉంటుంది. అది చూసి వాడేనని తెలుసుకున్నాను. పావుగంట అయిందని నర్సు వచ్చి నా భుజం తట్టింది. ఎలా ఉన్నాడని చేతులు తిప్పాను. ఆవిడ ఏదో చెప్పింది. తల అడ్డంగా ఊపిందో నిలువుగా ఊపిందో కూడా నాకు తేలలేదు.

గదికి వెళ్లబుద్ధి కాక గేటు బయట ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. అక్కడ నా ఈడు ఉన్న ఒకామె వేయించిన జీడిపప్పు పొట్లాలు అమ్ముకుంటుంది. నడుముకి మన లుంగీలాంటి రంగుల గుడ్డ చుట్టుకుంటుంది. నేను కూర్చోగానే తన కిందున్న అట్టముక్క సగం నా వైపు జరిపింది. నా తమ్ముడి గురించి మొదటినుంచీ చెప్పుకొచ్చాను, తెలుగులో. ఆమె కూడా ఏదో చాలాసేపు చెప్పింది. ఏం చెప్పిందో ఈనాటికీ తెలియదు. ఫోను తీసి యాప్ పెట్టొచ్చని ఇద్దరికీ తోచలేదు. ఆ సాయంత్రం పెరుగనుకుని కొన్న డబ్బాలో గుడ్డు వాసన కొట్టే తెల్లటి జిగురు ఉంటే, అదే బ్రెడ్డుకి రాసుకుని గొడ్డుకారం చల్లుకుని మింగాను.

మూడో రోజు పొద్దున్నే వెళ్లాను. చూసే వేళ కాదని తెలుసు, అయినా వెళ్లాను. ఫోను గార్డుకిచ్చి లోపలి తలుపు దగ్గర నిలబడ్డాను. నర్సు నన్ను చూసి లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చింది. ఒక కాగితం మీద వేలు పెట్టి చూపించి సంతకం చేయించుకుంది. సంచి నా చేతిలో పెట్టి తలుపు వేసుకుంది.

సంచిలో వాడి చొక్కా, ప్యాంటు, వాచీ ఉన్నాయి. అడుగున వాడి మొలతాడు ఉంది. కత్తెరతో కత్తిరించి ఉంది.

మా వైపు మగపిల్లాడికి పురుట్లోనే మొలకి నల్లదారం కడతారు. పాతబడితే కొత్తది కట్టాకే పాతది విప్పుతారు. ఒక్క ఘడియ కూడా మొల బోసిగా ఉంచరు. కట్టుకున్న పెళ్లాం పోతే తీస్తారు, లేదా తనే పోయాక ఆఖరి స్నానం చేయించేటప్పుడు పెద్దవాళ్లు తెంచుతారు. మరదలు ఇంటి దగ్గర నిక్షేపంగా ఉంది. ఇక మిగిలింది ఒకటే. పైగా బట్టలు చేతికిచ్చి సంతకం పెట్టించుకున్నారు. మా ఆసుపత్రుల్లోనూ శవాన్ని అప్పగించే ముందు అంతే చేస్తారు.

తలుపు కొట్టి ఇంకొకసారి అడగాల్సింది. అడగడానికి ఏముందనిపించింది. ఆ ఊళ్లో దిగాక యాప్ లేకుండా నాకు అర్థమైన మొదటి సంగతి అదే.

గేటు దగ్గర ఫోను తీసుకుని మరదలికి చేశాను. తను ఎత్తగానే, "పోయాడమ్మా" అన్నాను. అటు నుంచి ఫోను కిందపడిన చప్పుడు వినిపించింది, తర్వాత నాన్న కేక.

నేను ఫుట్‌పాత్ మీద కూలబడి మా ఊళ్లో ఏడ్చినట్టే ఏడ్చాను. గుండెలు బాదుకుంటూ, వాడి పుట్టుక మొదలు అన్నీ చెప్పుకుంటూ. "ఒరేయ్ తమ్ముడా, నీ పెళ్లానికి నేనేం చెప్పేదిరా, ఊపిరితో తెస్తానంటినే" అని. ఆ ఊళ్లో అలా ఏడవరు కాబోలు, దారినపోయేవాళ్లు ఆగిపోయారు. జీడిపప్పు ఆవిడ నా తల తన ఒళ్లో పెట్టుకుని తనూ ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, నా ఒళ్లో సంచి చూసి, లేచి గార్డు దగ్గరికి వెళ్లి గట్టిగా మాట్లాడింది. గార్డు లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి అదే నర్సు పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

అద్దం అవతల వాడి ఛాతీ లేస్తోంది, పడుతోంది. పక్కన మిషను మీద ఆకుపచ్చ గీత పరుగెడుతోంది. నర్సు నా ముఖం తన రెండు చేతులతో పట్టుకుని అటు తిప్పి, చూడు, చూడు అన్నట్టు ఊపింది.

ఆ క్షణంలో సంతోషించానని రాస్తే అబద్ధం అవుతుంది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికి గంటన్నర పైనే గడిచింది. మా ఊళ్లో చావు కబురుకి గంటన్నర చాలా ఎక్కువ.

నాన్నకి ఫోన్ చేశాను. "నాన్నా, బతికే ఉన్నాడు. నేనే తప్పు చెప్పా."

"ఏందమ్మా నువ్వనేది? పోయాడంటివి గదా."

"పోలేదు నాన్నా. మొలతాడు తెంచి ఇస్తే పోయాడనుకున్నా."

నాన్న వెనక ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తూనే ఉంది. అప్పటికే వాకిట్లో షామియానా వేశారు. ఊరందరి వాట్సాప్ స్టేటస్‌లలో వాడి ఫొటో తిరుగుతోంది. మా బాబాయి మాచర్ల వెళ్లి ఫ్లెక్సీ కూడా వేయించుకొచ్చాడు. బోరు బండి ముందు నల్లకళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతూ దిగిన ఫొటో, కింద అశ్రునివాళి, ఆ రోజు తేదీ. మరదలి జడలో పూలు ఎవరో తీసేశారట. నాన్న చివరికి, "సరేలేమ్మా. ఉత్త చావు కబురు వస్తే ఆయుష్షు పెరుగుద్దంటారు" అన్నాడు. ఆ మాటను నేను దేవుడి ఫొటోలాగా దాచుకున్నాను.

మరదలు మాత్రం నమ్మలేదు. "నేను ఏడుస్తన్నానని చెప్తన్నావు వదినా. నాకు చూపించు" అంది. అంతకుమించి నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

నాలుగో రోజు డ్యూటీకొస్తున్న నర్సుని గేటు దగ్గరే ఆపి ఫోనులో మరదలి ఫొటో చూపించి, యాప్‌లో సంగతంతా చెప్పి దండం పెట్టాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, ఫోను జేబులో వేసుకుని లోపలికి వెళ్లి పది సెకన్ల వీడియో తీసి తెచ్చింది. నేను పంపాను. ముక్కూ నోరూ గొట్టాల కింద ఉన్నాయి, నుదురు నీడలో పడింది. మరదలు పది నిమిషాల తర్వాత ఫోన్ చేసి, "ఇది ఆయనేనా వదినా?" అని అడిగింది. అవునన్నాను. "ఎవరైనా ఇట్టాగే ఉంటారు గదా" అంది. ఒకసారి చంపినదాని మాట ఎందుకు నమ్మాలి? ఆ పిల్ల స్థానంలో నేనున్నా నమ్మను.

ఐదో రోజు నర్సు నాకు నీలం గౌను తొడిగి, నోటికి గుడ్డ కట్టి లోపలికే తీసుకెళ్లింది. ఎందుకు తీసుకెళ్లిందో ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు, బాగవుతున్నాడు కాబట్టి తీసుకెళుతోందనుకున్నాను. ముందురోజే నా హ్యాండ్‌బ్యాగులోని నల్లదారపు ఉండ తీసి పోగులు కలిపి మొలతాడు పేనాను. కుట్టుపనిదాన్ని, దారం లేకుండా ఎక్కడికీ వెళ్లను. నర్సు అటు తిరగగానే దుప్పటి కింద చెయ్యి పెట్టి వాడి మొలకి కట్టాను. ఒళ్లు కాలిపోతోంది. "ఒరేయ్, అక్కనురా" అన్నాను. కనురెప్ప కదిలిందనిపించింది. మిషను గాలికి కదిలిందేమో తెలియదు.

నర్సు చూడనే చూసింది. కోప్పడలేదు. దుప్పటి తొలగించి, తొడ దగ్గర లోపలికి దిగిన గొట్టం చూపించింది, దారం సరిగ్గా దాని మీద పడుతోంది. మొదటిది కూడా అందుకే కత్తిరించి, లోపల ఉంచకూడని బట్టలతోపాటు నాకిచ్చేశారని అప్పుడు తెలిసింది. కత్తెర తీసి, నా ముఖంలోకి చూసి, మెల్లగా కత్తిరించి నా అరచేతిలో పెట్టింది. వేళ్లు తనే మూసింది.

ఆరో రోజు పొద్దున డాక్టరే బయటికి వచ్చాడు. నన్నొక గదిలోకి తీసుకెళ్లి కుర్చీ చూపించాడు. గ్లాసుతో మంచినీళ్లు పెట్టారు. గార్డు నా ఫోను తెచ్చి ఇచ్చాడు. అన్ని రోజులూ గేటు దాటనివ్వని ఫోను వాళ్లే తెచ్చి చేతికిచ్చారు. డాక్టరు ఫోను ముందు వంగి నెమ్మదిగా రెండు వాక్యాలు చెప్పాడు. ఫోనులో ఆడగొంతు తెలుగులో పలికింది. "మీ సోదరుడు ఈ ఉదయం మరణించారు. మేము చింతిస్తున్నాము." రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతులా ఉంది. మళ్లీ నొక్కి విన్నాను. మూడోసారి కూడా విన్నాను. ఈసారి తొందరపడదలచుకోలేదు.

ఫుట్‌పాత్ మీదికి వచ్చి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. జీడిపప్పు ఆవిడ నా ముఖం చూసి బుట్ట మీద గుడ్డ కప్పేసి పక్కన కూర్చుంది. మరదలి నంబరు నొక్కడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. తను ఎత్తింది. నేను నోరు తెరిచేలోపే తనే అంది.

"ఈసారి నిజమేనా వదినా?"

అవునన్నాను.

"సరే" అని పెట్టేసింది.

కాగితాలు పూర్తయి పెట్టె విమానం ఎక్కడానికి ఇంకో వారం పట్టింది. ఆ వారం రోజులూ నేను పసుప్పచ్చ గోడ దగ్గర దారి తప్పలేదు, ఎవర్నీ తిట్టలేదు, పెరుగు డబ్బా ఏదో కూడా గుర్తుపట్టాను. ఆ ఊరు నాకు కాస్త కాస్త తెలుస్తుంటే ఒళ్లు మండిపోయేది. ఇప్పుడెందుకు తెలియడం?

మా ఊరి మలుపులో అదే ఫ్లెక్సీ కట్టి ఉంది. తేదీ మీద తెల్లకాగితం అంటించి కొత్తది రాశారు. వాడు నల్లకళ్లద్దాలతో నవ్వుతూనే ఉన్నాడు. వాకిట్లో జనం ఎక్కువ లేరు. చాలామంది మొదటిసారే వచ్చి ఏడ్చి వెళ్లారు. మరదలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి. నా వైపు చూడలేదు.

పెట్టె తెరిచారు. బాబాయి పసుపునీళ్లు చల్లి, పద్ధతి ప్రకారం మొల దగ్గర చెయ్యి పెట్టి తడిమాడు. "మొలతాడు ఏదమ్మా? తెంచాలిగా" అన్నాడు.

నేను హ్యాండ్‌బ్యాగు తెరిచి రెండూ తీసి చేతిలో పెట్టాను. ఒకటి చెమటకి పాతబడి రంగు వెలిసింది. ఇంకొకటి కొత్తది, నిగనిగలాడుతోంది. బాబాయి రెంటినీ మార్చి మార్చి చూశాడు. "రెండేంది?" అన్నాడు.

అప్పటిదాకా కదలని మరదలు లేచి వచ్చింది. కొత్తదాన్ని వేళ్లతో పట్టుకుంది.

"ఇదెప్పటిది వదినా?"

"నేను పోయాడని చెప్పిన రెండు రోజులకి కట్టా. అక్కడే పేనా."

"కట్టినప్పుడు ఒళ్లు వెచ్చగా ఉందా?"

"కాలిపోతా ఉంది" అన్నాను.

మరదలు ఆ దారాన్ని గుప్పిట్లో పెట్టుకుని అప్పుడు ఏడ్చింది.